కర్రగుర్రాల కుప్ప

జనవరి 8, సోమవారం

హిల్లాతో ఇక జన్మలో మాట్లాడను.

జనవరి 8, మళ్ళీ

ఎందుకు మాట్లాడనో కూడా రాయకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

ఎనిమిదో తరగతిలో నేనూ హిల్లా మా బిల్డింగు కింది కొట్టుగదిలో కూర్చుని, కర్రకి గుడ్డ తల తొడిగిన మా కర్రగుర్రాలకు జూలు కుడుతూ ఒట్టు వేసుకున్నాం. తొమ్మిది దాటాక హైస్కూలు రెండో ఏడాదిలో, పైవాళ్ళు వెళ్ళిపోయి మనమే బడికి పెద్దలమైనప్పుడు, పెద్దల నాట్యం వస్తుంది కదా, అప్పుడు మేమిద్దరమే జంట కట్టాలని. అబ్బాయిల చెమట చేతులు పట్టుకోవాల్సిన ఖర్మ మాకొద్దని. ఆ మాట అన్నది నేను కాదు, హిల్లానే.

ఇవాళ భోజనాల దగ్గరికి మా క్లాసు ఒత్సో వచ్చాడు. చేతిలో పళ్ళెం అలాగే ఉంది, కింద పెట్టనైనా లేదు. "ఏయ్ హిల్లా, నాతో ఆడతావా?" అన్నాడు. అది నోటినిండా బంగాళాదుంప పెట్టుకుని "ఆఁ" అంది. అంతే. పక్కన నేనొకదాన్ని కూర్చున్నానని కూడా లేదు.

కోట్లు తగిలించే చోట పట్టుకున్నాను దాన్ని.

"నీకు చెబుదామనే అనుకున్నానే."

"ఎప్పుడు? డాన్సు అయిపోయాకా?"

"అది కాదే రౌహా. అంతమందిలో అడిగేసరికి కాదనడానికి నోరు రాలేదు."

"ఎలా వస్తుంది? అందులో బంగాళాదుంప ఉందిగా."

నవ్వింది. నేను నవ్వించడానికి అన్నానా? అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

నా పేరుకి శాంతి అని అర్థం. మా ముత్తవ్వ పేరు. "పేరు నిలబెట్టవే" అంటుంది అమ్మ, నేను తలుపు విసిరికొట్టినప్పుడల్లా. పెట్టమని ఎవరడిగారు?

జనవరి 10

నాకు నూత్తి అనే అబ్బాయిని అంటగట్టారు. జంట కుదరనివాళ్ళు ఇద్దరమే మిగిలాం. చెమట చేతులు.

జనవరి 11, గురువారం

బటానీ సూపు. దాని తర్వాత పాన్‌కేకు. అదొక్కటే ఇవాళ్టికి మంచి విషయం.

నాట్యం చివర్లో ఏటా ఒక సొంత డాన్సు ఉంటుంది, ఆ బ్యాచి వాళ్ళు సొంతంగా తయారు చేసుకునేది. పోయినేడు వాళ్ళు వంటమనుషుల్లా గరిటెలు పట్టుకుని ఆడారు. ఈసారి ఏం చేద్దామని అందరం వ్యాయామశాలలో కూర్చున్నాం. ఒత్సో లేచాడు. మూలనున్న చీపురు తీసి కాళ్ళ మధ్య పెట్టుకుని, పెదాలు బుర్రుమనిపిస్తూ హాలంతా గెంతాడు.

"కర్రగుర్రాలు! గౌన్లూ సూట్లూ వేసుకుని కర్రగుర్రాల మీద! వాటితో ఆడే పిల్లకాయలు నిజం గుర్రాలే అనుకుని పోటీలు కూడా పెట్టుకుంటార్రా, చూశారా ఎప్పుడైనా? పేర్లు కూడా పెడతారు వాటికి!"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. నూత్తి కూడా నవ్వాడు. నూత్తికి నవ్వడం వచ్చని నాకు ఇవాళే తెలిసింది.

"అన్ని గుర్రాలు ఎక్కడ దొరుకుతాయి?" అని ఎవరో అడిగారు.

అప్పుడు హిల్లా నోరు తెరిచింది. "రౌహా వాళ్ళ చుట్టాల పిల్ల దగ్గర బోలెడున్నాయి."

అందరూ నా వైపు తిరిగారు. నాకు చుట్టాల పిల్ల ఎవరూ లేదు. ఉన్న గుర్రాలన్నీ నావీ, హిల్లావీ. ఎనిమిదేళ్ళుగా మేం కత్తిరించి, దూది కూరి, కుట్టి, కళ్ళేలు అల్లి, వాటిమీద అడ్డుకర్రలు దూకి, పోటీల్లో రెండో స్థానం తెచ్చుకున్న గుర్రాలు. పేర్లు కూడా పెట్టాం. అవును, పెట్టాం. అయితే ఏంటి?

నేను తల ఊపాను.

జనవరి 12

తల ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. రెండూ వేరు.

జనవరి 15

హిల్లా గుర్రాల కోసం వచ్చింది. మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మాట నిజమే, కానీ తిట్టడం మాట్లాడటం కిందికి రాదు.

"ఆ చుట్టాల పిల్ల ఎవత్తే?"

"అప్పటికప్పుడు నోటికొచ్చింది. లేకపోతే మనవేనని తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏమవుతుందట?"

"సరే, నువ్వు చెప్పు మరి. రేపు భోజనాల దగ్గర బల్ల మీదికెక్కి చెప్పు, అవన్నీ నావేనని."

"నేనెందుకు చెప్పాలి? మొదలుపెట్టింది నువ్వు!"

అది కిందికి దారితీసింది. కొట్టుగదిలో వరుసగా గోడకి ఆనించి ఉన్నాయి గుర్రాలు, తలలు పైకి, కర్రలు కిందికి. ఒక్కొక్కటే తీసి దుప్పటిలో చుట్టింది. తలలు నలగకుండా మధ్యలో తువ్వాళ్ళు పెట్టింది. అంత సిగ్గుపడే మనిషికి తువ్వాళ్ళెందుకో!

దాని సొంత గుర్రం తుయిస్కుని చివర్లో తీసింది. తెల్లటిది, పాత గొర్రెతోలు తివాచీతో చేశాం దాన్ని. నా రుస్కాని ముట్టుకోబోతే చెయ్యి మీద కొట్టాను. రుస్కా తుప్పురంగుది. దాని జూలు నాన్న పాత స్వెటర్ విప్పితే వచ్చిన ఊలు. ఎడమ చెవి ఎంతకీ నిలబడేది కాదు. మూడుసార్లు విప్పి కుట్టాను. చివరికి సబ్బునీళ్ళ డబ్బా కత్తిరించి ఆ ముక్క లోపల పెడితే నిలబడింది. ఆ ఉపాయం చెప్పింది హిల్లానే, ఒప్పుకుంటాను.

"రుస్కాని ఎవరి చేతికీ ఇవ్వను. ఈ వెర్రివేషం వెయ్యక తప్పదంటే నేనే పట్టుకుంటాను" అన్నాను.

"నేనూ తుయిస్కుని ఎవరికీ ఇవ్వను" అంది.

ఇవ్వదట! మిగతావన్నీ వాళ్ళకి అప్పజెప్పింది చాలదూ?

జనవరి 19

ఒత్సో నా దగ్గరికి వచ్చి పెద్ద చాక్లెట్టు ఇచ్చాడు. "మీ చుట్టాల పిల్లకివ్వు, గుర్రాలిచ్చినందుకు. ఏంటి దాని పేరు?"

పక్కన హిల్లా నిలబడి ఉంది. నా మొహంలోకే చూస్తోంది.

"మిన్తు" అన్నాను. "సోత్కమో ఊళ్ళో ఉంటుంది. మూడో తరగతి."

"బుజ్జిముండ! థాంక్స్ చెప్పానని చెప్పు."

చాక్లెట్టు నేనే తిన్నాను. మిన్తు లేదు కదా మరి, పారేస్తామా?

జనవరి 24

మొదటి రిహార్సలు. నాలుగు వరుసలుగా నిలబెట్టారు. ఒత్సో, హిల్లా మొదటి వరుసలో, అందరికీ కనపడేలా. పొడుగని నన్ను చివరి వరుసలో చివరికి తోసేశారు, వ్యాయామానికి ఎక్కే గోడపట్టీల పక్కకి. "నీ వెనక ఎవరన్నా ఉంటే వాళ్ళకి నీ వీపు తప్ప ఏమీ కనపడదు" అన్నాడు ఒత్సో. జోకట.

మా గుర్రాలు చాలలేదు. మిగతావాళ్ళు చీపురుకర్రలకు మేజోళ్ళు తొడిగి తెచ్చారు. నా గుర్రాలు మాత్రం ఎవరి చేతుల్లో పడ్డాయో చూస్తే ఏడుపొచ్చింది. ఒకడు కత్తిలా తిప్పుతున్నాడు. ఒకత్తి జూలుతో ముక్కు తుడుచుకుంటున్నట్టు నటించింది. తలకిందులుగా గోడకి ఆనించారు, కర్ర పైకి, తల నేలకి! గుర్రాన్ని ఎవరైనా తలమీద నిలబెడతారా?

పాట పెట్టారు. అందరూ గెంతడం. ఒక్క రౌండుకే ఒత్సో నాలుక బయటపెట్టాడు. పిల్లకాయల ఆటట! ఒక్కసారి అడ్డుకర్ర దూకి చూడమనండి, మోకాళ్ళు పగులుతాయి.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మూల తిరిగేచోట హిల్లా కాళ్ళు వాటంతటవే మారాయి. ఎడమకాలు ముందుపడే దౌడులోంచి కుడికాలికి, గాలిలోనే, నేల తాకకముందే. అది నేర్చుకోవడానికి మాకు ఒక వేసవి మొత్తం పట్టింది. నేర్చుకున్న కాళ్ళు మర్చిపోవు కదా.

ఒత్సో ఆగిపోయాడు. "ఏంటే అది? అచ్చం గుర్రంలా చేశావు?"

హిల్లా బీట్‌రూటులా అయింది. "నెట్‌లో చూశా."

నెట్‌లో చూసిందట! ఎనిమిదేళ్ళు నాతో కలిసి పార్కింగు స్థలమంతా దౌడు తీసిన మనిషి. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ అబద్ధం దాని నోటికి ఎంత సులువుగా వచ్చింది!

నేను మాత్రం కావాలనే బాతులా కాళ్ళు ఈడ్చుకుంటూ పరిగెత్తాను. ఎవరికీ అనుమానం రాలేదు. నాకు ఆ మాత్రం బుద్ధి ఉంది.

జనవరి 28

ఫోన్లో గౌన్ల గ్రూపులో నా పచ్చగౌను ఫోటో పెట్టాను, అలాంటిదే ఇంకెవరూ కొనకుండా. పిన్నిది, అమ్మ నడుము దగ్గర బిగించింది. అందరూ బాగుందన్నారు. హిల్లా మూడు హృదయాలు పెట్టింది.

దాని హృదయాలు నాకెందుకు?

ఫిబ్రవరి 1, గురువారం

బటానీ సూపు. తినబుద్ధి కాలేదు.

సొంత డాన్సుకి ముగింపు బాలేదని అందరూ అనుకుంటున్నారు. ఒత్సోకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పాట ఆఖర్లో వరుస తర్వాత వరుస మధ్యలోకి పరిగెత్తుకొచ్చి, గుర్రాలు విసిరేసి కుప్ప పోయాలట. "చిన్నతనం అయిపోయింది, ఇక మనం పెద్దలం! అర్థమైందా? భలే ఉంటుంది! అమ్మలందరూ ఏడుస్తారు చూడండి!"

చప్పట్లే చప్పట్లు. నృత్యం నేర్పే మెర్వి టీచరు కూడా "చాలా బాగుంది" అంది.

విసరడం. నేలమీద. ఒకదానిమీద ఒకటి. అంతమంది బూట్ల మధ్య.

నేను లేచి వద్దని చెబుదామనుకున్నాను. నిజంగా చెబుదామనే అనుకున్నాను. సగం లేచాను కూడా. అంతలో గంట కొట్టారు.

హిల్లా మాత్రం తల వంచుకుని మేజోడు సర్దుకుంటూ కూర్చుంది. దాన్ని చూస్తే అసహ్యమేసింది. తన గుర్రం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఏం మనిషి!

ఫిబ్రవరి 2

హిల్లాకి మెసేజ్ పెట్టాను. "తుయిస్కుని ఆ కుప్పమీద విసిరావంటే నీకూ నాకూ చెల్లు. జూన్‌లో కర్రగుర్రాల పోటీలకి నువ్వు రానక్కర్లేదు. నా మొహం చూడనక్కర్లేదు."

చదివింది. జవాబు లేదు.

ఫిబ్రవరి 4

ఇంకా జవాబు లేదు. పిరికిది. పిరికిది. పిరికిది.

ఫిబ్రవరి 7

అమ్మ స్కీలు తీసుకోవడానికి కొట్టుగదిలోకి వెళ్ళింది.

"గుర్రాలన్నీ ఏవే?"

చెప్పాను. కుప్ప సంగతి చెప్పలేదు. డాన్సులో వాడుతున్నారని మాత్రం చెప్పాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. "అబ్బ! అందరూ చూస్తారన్నమాట! నువ్వు కుట్టావని చెప్పావా వాళ్ళకి? ఆ రుస్కా చెవికి ఎంత తంటాలు పడ్డావో... పిన్నిని కూడా పిలుస్తానుండు."

"ఎవర్నీ పిలవక్కర్లేదు!"

"ఏమైందే? ఎందుకలా అరుస్తావు? నిన్నేమన్నానని?"

"ఏమీ కాలేదు! అందరూ నన్నే అడుగుతారేం, హిల్లాని అడగండి!"

తలుపు విసిరికొట్టాను. అమ్మ బయటినుంచి "పేరు..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆపేసింది.

ఫిబ్రవరి 14

ఇవాళ ప్రేమికుల రోజు, మా దేశంలో స్నేహితుల రోజు. హిల్లా కార్డు ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. రాసినదాన్ని చింపేశాను.

ఫిబ్రవరి 15, గురువారం

మూడో ఏడాది వాళ్ళు క్లాసులు అయిపోయి, పరీక్షల చదువుకి ఇవాళ్టితో వెళ్ళిపోయారు. వేషాలు వేసుకుని, లారీలెక్కి, ఊరంతా అరుస్తూ మిఠాయిలు విసిరారు. ఒకటి నా నుదుటికి తగిలింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో గడ్డకట్టిన మిఠాయి అంటే రాయే.

బడికి ఇక మేమే పెద్దలం. రేపే నాట్యం.

రేపు హిల్లా ఏం చేస్తుందో చూస్తాను. విసురుతుంది. నాకు తెలుసు. ఒత్సో పక్కన నిలబడి, పళ్ళికిలించి విసురుతుంది. ఆ తర్వాత నేను రుస్కాని గుండెకి హత్తుకుని, ఒక్కదాన్నే, విసరకుండా నిలబడతాను. అప్పుడు దానికి తెలిసొస్తుంది. అందరి ముందూ. ఆ సిగ్గుతో చావాలి అది.

ఎలా నిలబడాలో అద్దం ముందు చూసుకున్నాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఎవరో వెనకనుంచి నా మోచేతిని తోశారు.

ఫిబ్రవరి 16, ఇంకా

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జంటగా తిరుగుతూ ఆడే వాల్ట్జు బాగానే అయింది. నూత్తి ఒకసారి గౌను తొక్కాడు, సారీ సారీ అని పాట అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. పాపం మంచివాడే. అమ్మ, పిన్ని ముందు వరుసలో కూర్చున్నారు. పిన్ని ఫోను పైకెత్తి పట్టుకుంది.

తర్వాత సొంత డాన్సు. గుర్రాలతో మేం రాగానే హాలు దద్దరిల్లిపోయింది. చిన్న తరగతుల వాళ్ళు గోడపట్టీలెక్కి ఈలలు. నవ్వులు. పాట ఆఖరికి వచ్చింది. మొదటి వరుస మధ్యలోకి పరిగెత్తింది. ఒత్సో తన గుర్రాన్ని (నాదే, నా నల్లది) తలచుట్టూ తిప్పి విసిరాడు. చప్పట్లు.

హిల్లా పరిగెత్తుతూ వెళ్ళి కుప్ప దగ్గర ఆగింది. పగ్గాలు వదులు చేసింది. తుయిస్కు మెడమీద రెండుసార్లు తట్టింది, పోటీలో ఆఖరి అడ్డుకర్ర దూకాక తట్టినట్టు. అలా నిలబడిపోయింది.

"విసురు! హిల్లా, విసురే!" అన్నాడు ఒత్సో.

అది కదల్లేదు. పాట నడుస్తూనే ఉంది. రెండో వరుస వచ్చి దాన్ని తోసుకుంటూ విసిరింది. నవ్వులు ఇంకా పెరిగాయి. "ఏంటే, గుర్రంతో పెళ్ళా?" అని ఎవరో పైనుంచి అరిచారు. ఒత్సో తుయిస్కు కర్ర పట్టుకుని లాగబోయాడు. హిల్లా లాక్కుంది.

"ఇది నాది" అంది. "నేనే కుట్టుకున్నా. వదులు."

పాట ఉన్నా వినపడింది. అందరికీ వినపడింది. దాని మొహం సున్నం కొట్టినట్టు ఉంది. రెండు చేతులతో కర్రని వెండిరంగు గౌనుకి అదిమి పట్టుకుంది.

మూడో వరుస విసిరింది.

మా వరుస పరిగెత్తింది. అది నన్ను చూసింది. అంతమంది ఉండగా నన్నే ఎందుకు చూడాలి? నేనేం చేశాను దాన్ని? ముందుగా ఒక్క మాట చెప్పిందా? మెసేజ్‌కి జవాబిచ్చిందా? అన్నీ అదే మొదలుపెట్టి, చివరికి గొప్ప కూడా అదే కొట్టేసింది! అక్కడ నిలబడాల్సింది నేను!

అప్పుడే ఎవరో వెనకనుంచి నా మోచేతిని తోశారు. రుస్కా చేతిలోంచి ఎగిరిపోయింది.

చప్పట్లు. అందరం నమస్కారాలు పెట్టాం. నవ్వాం కూడా అనుకుంటాను.

ఇంటిదారిలో పిన్ని వీడియో చూపించబోతే వద్దన్నాను.

ఫిబ్రవరి 17, శనివారం

హిల్లా వచ్చింది. తలుపు అమ్మ తీసింది, లేకపోతే నేను తీసేదాన్ని కాదు. బూట్లమీద మంచుతో గుమ్మంలోనే నిలబడింది. చేతిలో రుస్కా. ఒక కన్ను పగిలింది. ఎడమ చెవి లేదు.

కోటు జేబులోంచి చెవి తీసి నా అరచేతిలో పెట్టింది.

"కుప్పలోంచి అన్నీ ఏరాను. మిగతావి నాన్న కారులో ఉన్నాయి. దీనికి నువ్వే కుట్టాలి. నాకు ఆ డబ్బా ముక్క సరిగ్గా పెట్టడం రాదు."

"ఎవరు ఏరమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు."

"నీ వల్లే ఇదంతా! ఆ చుట్టాల పిల్ల కథ నువ్వు ఎత్తకపోతే..."

"అవునే, నాదే తప్పు. నీ మెసేజ్‌కి ఏం రాయాలో తెలీలేదు. విసరను అని రాసి, తీరా అక్కడ భయపడి విసిరేస్తే? అందుకే రాయలేదు."

"ఒత్సో ఏమన్నాడు?"

"మాట్లాడ్డం లేదు. ఒకటో తరగతి పాపవా అని రాత్రి మెసేజ్ పెట్టాడు. చాలామంది నవ్వారులే. ఏడ్చా కూడా, బాత్రూములో."

నేనేం అనాలి? దానిమీద జాలి పడాలా? నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

"నన్ను ఎవరో తోశారే" అన్నాను. "వెనకనుంచి. లేకపోతే నేనూ..."

హిల్లా నన్ను చూసింది. నిన్న చూసినట్టే.

"నేను ఎదురుగానే ఉన్నాగా, రౌహా."

మఫ్లరు చుట్టుకుని మెట్లు దిగింది. రెండు మెట్లు దిగి ఆగింది. అది కూడా ఏమంత సాధువు కాదు.

"మిన్తుకి చెప్పు" అంది, "ఈసారి గుర్రాన్ని జాగ్రత్తగా పట్టుకోమని."

తలుపు విసిరికొట్టాను. దాని అడుగులు కిందిదాకా వినపడ్డాయి. ఎంత పొగరు! నా ఇంటికి వచ్చి, నా గుమ్మంలో నిలబడి, నన్నే! దానికేం తెలుసు నా సంగతి?

ఫిబ్రవరి 18, ఆదివారం

పొద్దున్నుంచి చెవి కుడుతున్నాను. లోపలి డబ్బా ముక్క రెండుగా విరిగింది. కొత్తది కత్తిరించాను. మొదటిసారి వంకర వచ్చింది, విప్పేశాను. రెండోసారీ విప్పేశాను. తుప్పురంగు దారం అంత మిగల్లేదు, నల్లదారంతో కుట్టాల్సి వచ్చింది. కుట్లు దూరానికి కూడా కనపడతాయి. కనపడనీ.

నిన్న మధ్యాహ్నం హిల్లా జూన్ పోటీల లింకు పంపింది. జంటల విభాగం. కింద ఒకే ముక్క రాసింది, "తుయిస్కు వస్తోంది. రుస్కా?"

ఇంకా జవాబివ్వలేదు. దానిమీద కోపం తగ్గలేదు. ఒత్సో మీద తగ్గలేదు. నవ్విన వాళ్ళందరిమీదా తగ్గలేదు. రేపు భోజనాల దగ్గర హిల్లా ఒక్కతే కూర్చుంటుంది. నేను ఎక్కడ కూర్చుంటానో అందరూ చూస్తారు. అదే తలుచుకుంటూ కుడుతుంటే సూది రెండుసార్లు గుచ్చుకుంది.

పిన్ని వీడియో పంపింది. చూశాను. ఒక్కసారే.

నాది చివరి వరుస. ఆ వరుసలోనూ చివరిదాన్ని నేనే. నా వెనక ఎవరూ లేరు.